ఉంచాలా, తియ్యాలా

కాకా పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను జగదల్‌పూర్ బస్టాండులో కోంటా బస్సు కోసం నిలబడి ఉన్నాను. అసలు ఆయన దగ్గరికే బయల్దేరాను. ముందురోజు మాట్లాడినప్పుడు "వచ్చేటప్పుడు ఆ బేకరీ బన్నులు తే, ఇక్కడివి రాళ్ల లెక్కున్నయ్" అన్నాడు. ఆ పొట్లం నా చేతిలో ఉంది. చిన్నమ్మ ఏడవలేదు. "ఛాయ్ పెట్టి లేపిన్నమ్మా. మీ కాకా లేవలేదు" అంది. అదే మాట ఇంకోసారి అని ఫోన్ పెట్టేసింది. బస్సు వచ్చింది. ఎక్కాను. దర్భా ఘాటీ దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్క సీటులో ఉన్న ఆమె నా ఒళ్లో బన్నుల పొట్లం నలిగిపోతోందని తీసి తన బుట్టలో పెట్టుకుని, కోంటాలో దిగేటప్పుడు తిరిగిచ్చింది.

ఆ సాయంత్రమే ఈ పత్రిక సంపాదకుడు ఫోన్ చేసి నాలుగు మాటలు రాసివ్వమన్నాడు. ఆయన గురించి నీకన్నా ఎవరికి తెలుసన్నాడు. ఆ రోజే రాసి ఉంటే ఈ వ్యాసం చాలా అందంగా వచ్చేది. ఫోటోకి దండ వేసినట్టుండేది. ఆ రోజు నా చేత కాలేదు. ఇప్పుడు పదకొండో రోజు దాటిపోయింది, ఇప్పుడు రాస్తున్నాను. నాకు కోపంగా ఉంది. చదివేవాళ్లకి ఈ మాట ముందే చెప్పడం మంచిది.

కాకా అంటే నాకు రక్తసంబంధం కాదు. ఆయనది కోంటాలో పాతకాలంగా వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. అన్నదమ్ములు కిరాణా, ధాన్యం చూసుకుంటుంటే ఈయన ఫోటో స్టూడియో పెట్టాడు. కోంటా అంటే మీకు తెలిసే ఉంటుంది. శబరి నది దాటితే ఒడిశా, వాగు దాటితే ఆంధ్ర, ఇంకొంచెం పోతే తెలంగాణ. పొద్దున హిందీలో బేరమాడి, మధ్యాహ్నం దొర్ల ఆదివాసుల దొర్లిలో తిట్టుకుని, రాత్రి తెలుగులో అన్నం తినే ఊరు. కాకా అనే పిలుపు అక్కడ అన్ని భాషల్లోనూ సరిపోతుంది. అందుకే హవల్దారు నుంచి హమాలీ దాకా ఆయన్ని అందరూ అలాగే పిలిచారు. ఇక్కడా అదే పేరుతో రాస్తాను.

స్టూడియోలో రేషన్ కార్డు ఫోటోలు తీస్తూ తీస్తూ ఆయన విలేకరి అయ్యాడు. రోడ్డు ప్రమాదాలు, శబరి వరదలు, మంత్రి పర్యటనలు. మొదట్లో అందరిలాగే. తర్వాత ఒకసారి సంతలో ఇప్పపువ్వు కొనే సేటు దుకాణం వెనక ఆరబెట్టిన అలుగు పొలుసులు కనిపించాయట. అలుగు అంటే ఒళ్లంతా పెంకులతో, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుపోయే జంతువు. అడవిలో ఎప్పుడన్నా దొరికితే కూర వండుకునేవాళ్లు. పెంకులు పారేసేవాళ్లు, లేదంటే ఒకటి పిల్లవాడి మొలతాడుకి కట్టేవాళ్లు. పారేసే వస్తువుని సేటు ఎందుకు ఆరబెడుతున్నాడు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని కాకా మిగతా జీవితమంతా నడిచాడు.

సంత నుంచి సేటు గోదాముకి, అక్కడి నుంచి ఇప్పపువ్వు బస్తాల మధ్య జగదల్‌పూర్‌కి, అక్కడి నుంచి కలకత్తాకి, ఆపైన ఈశాన్యం కొసన సరిహద్దు దాటి పరాయి దేశాల మందుల బజార్లకి. దారి పొడవునా మనుషులున్నారు. ఒకరికొకరు తెలియరు. తెలియకుండా ఉండేలా ఎవరో ఏర్పాటు చేశారు. ఇదే దారిన తర్వాత గంజాయి పోయింది, అడవిపిల్లలు పోయారు. "దారి పడితే చాలు. ఏది పంపాలనేది తర్వాతి ముచ్చట" అనేవాడు కాకా. గోళ్లు తీసుకుంటూ ఒక ముక్క నా ముందు పెట్టి "ఇదీ ఆ పెంకూ ఒకటే పదార్థం. గోరు కోసం సముద్రాలు దాటుతున్రు చూడు" అని నవ్వేవాడు.

ఒకసారి ఆయన సొంత ఖర్చుతో ఆ ఈశాన్యపు సరిహద్దు ఊరిదాకా వెళ్లాడు. అక్కడి భాష ఒక్క ముక్క రాదు. తిండి పడక విరేచనాలు పట్టుకున్నాయి. ఒక గోదాము ముందు కూర్చుని ఉంటే లోపలికి గోనె సంచులు మోస్తున్నారట. వాటిలో ఒకదాని మూతి నీలం నైలాను తాడుతో కుట్టి ఉంది. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి. కోంటాలో ఎడమచేతి వాటం హమాలీ ఒకడు దబ్బనంతో అలాగే కుడతాడు. "అంత దూరంల మా ఊరి కుట్టు కనపడితే నాకు ఏడుపొచ్చింది. భయం తర్వాత వచ్చింది" అని చెప్పాడు. ఆ ఒక్క వార్త ఆయన్ని ప్రపంచానికి చూపించింది. పరాయి దేశాల విలేకరులు ఫోన్లు చేశారు. నాలుగైదు దేశాలవాళ్లు కలిసి రాసిన పెద్ద కథనంలో ఈయన పేరు అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో వచ్చింది. ఆయన వార్తలు పంపే జగదల్‌పూర్ హిందీ పేపరులో మాత్రం 'మా ప్రతినిధి' అనే వేశారు. ఆయనకి అదే ఇష్టం. పేరు కనిపిస్తే సంతలో ఉప్పు కూడా అమ్మరనేవాడు.

నేను బచేలీ పిల్లని. నాన్న ఇనప గనిలో పనిచేసేవాడు. టౌన్‌షిప్పు క్వార్టర్లో ఆంధ్రా తెలుగు, బడిలో హిందీ. జగదల్‌పూర్‌లో చదువుకుని కాకా రాసే ఆ హిందీ పేపర్లోనే చేరితే మొదటి పోస్టింగు కోంటా వైపు వేశారు. మొదటిరోజు స్టూడియో మెట్లెక్కి "ఏంటండీ, ఇక్కడ వార్తలు ఎలా ఉంటాయి?" అని అడిగాను. ఆయన తల ఎత్తకుండా "ఏంటండీ అంటే ఇక్కడ ఎవ్వరూ నోరిప్పరు. ముందు ఏందే అనడం నేర్చుకో" అన్నాడు. చిన్నమ్మ లోపలి నుంచి ఫక్కున నవ్వింది. ఆ రోజు వాళ్లింట్లోనే అన్నం తిన్నాను. తర్వాత ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు.

ఆయన దగ్గర నేర్చుకున్నదంతా సంతలోనే. సంతలో పెన్ను బయటికి తియ్యకూడదు. "పెన్ను తీసినోడు పోలీసన్నా అయి ఉండాలె, పిచ్చోడన్నా అయి ఉండాలె" అనేవాడు. ఉప్పు అమ్మేవాళ్ల పక్కన కూర్చోవాలి, ఎందుకంటే అందరూ ఉప్పు దగ్గరికి వస్తారు. తొందరగా అడగకూడదు. కాని అన్నిటికన్నా గట్టి నియమం ఇంకొకటి ఉండేది. ఎవరు చెప్పిన సంగతి రాసినా, అచ్చుకి పంపేముందు మళ్లీ వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల భాషలో చదివి వినిపించాలి. చెప్పులు విడిచి, కింద కూర్చుని చదవాలి. చివర్న ఒకే మాట అడగాలి: ఉంచాలా, తియ్యాలా? వాళ్లు తియ్యమంటే తియ్యాలి. ఎందుకని అడగకూడదు.

ఇలా ఎవరూ చెయ్యరు. మా ఆఫీసులో నవ్వేవాళ్లు. వార్త చల్లారిపోతుందనేవాళ్లు. నిజంగానే చాలాసార్లు చల్లారిపోయింది. అయినా కాకా బండి మీద వాగులు దాటి వెళ్లి చదివి వచ్చేవాడు.

ఈ నియమం ఎందుకు పుట్టిందో నేను చేరిన తొలిరోజుల్లోనే చెప్పాడు. గొల్లపల్లి వైపు ఒక పల్లెలో జోగయ్య అనే దొర్ల ఆదివాసీ ఉన్నాడు. వేట తెలిసినవాడు. సేటు ఎవరెవరి దగ్గర పెంకులు కొంటున్నాడో, బస్తాలు ఏ సంత రోజున కదులుతాయో కాకాకి మొట్టమొదట చెప్పింది అతనే. ఆ కథనం అచ్చు కాకముందే జోగయ్యని సంతలో పట్టుకుపోయారు. ముందు పెంకులు పోసి, వెనక మనిషిని నిలబెట్టి ఫోటో తీశారు. 'అంతర్జాతీయ స్మగ్లర్ అరెస్ట్' అని అన్ని పేపర్లూ వేశాయి. శబరి దాటి ఎరగని మనిషి. బెయిలు దొరక్క జైల్లో మగ్గిపోయాడు. సేటు దుకాణం కొన్నాళ్లు మూసి, మళ్లీ తెరిచారు.

"పేరు ఎట్ల బయటికి పోయింది కాకా?" అని అడిగాను.

"కాపీల జోగయ్య పేరు, ఊరు రాసి డెస్కుకి పంపిన. డెస్కుల నుంచే పోయింది" అన్నాడు. ఆ డెస్కులో అప్పుడు ఎవరుండేవారో కూడా చెప్పాడు. "అందుకే పేరు రాసేముందు ఆ పేరున్న మనిషి ముఖం చూసి రావాలె" అన్నాడు.

నేను ఆ మాట మీద నా బతుకు కట్టుకున్నాను. ఇది పెద్ద మాటే, కాని నిజం. ఒకసారి సంతలోంచి పని పేరుతో తీసుకుపోయిన ఆడపిల్లల గురించి నెలల తరబడి తిరిగి రాశాను. దేశం దాటిన కథ అది. ఆ పిల్లల్లో ఒకమ్మాయి తల్లికి చదివి వినిపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. తీసేశాను. ఆమె లేకపోతే ఆ కథనంలో ఏమీ మిగల్లేదు. తర్వాతి నెలలో అదే సంగతి ఢిల్లీ పేపరులో మొదటి పేజీలో వచ్చింది, తల్లి ఫోటోతో సహా. నేను కోంటా వెళ్లి స్టూడియోలో కూర్చుని ఏడ్చాను. కాకా నా ముందు టీ గ్లాసు పెట్టి "తీసిన రోజే నువ్వు రిపోర్టర్‌వి అయినవ్" అన్నాడు. ఆ తర్వాత ఎవరు ఏ బహుమతి ఇచ్చినా నాకు ఆ మాటంత అనిపించలేదు.

ఇంకో రోజు కూడా గుర్తుంది. చిక్కుడు కొత్త పండుగ. కొత్త చిక్కుళ్లు ముందు దేవుడికి పెట్టి, తర్వాత ఇంటివాళ్లు తినే పండుగ. కాకా ఆ రోజు తప్పకుండా జోగయ్య పల్లెకి వెళతాడని చిన్నమ్మ చెబితే నేనూ బండెక్కాను. అప్పటికి జోగయ్య విడుదలై చాలా కాలమైంది. నన్ను ఆడవాళ్ల దగ్గర కూర్చోబెట్టి, కాకా దడి బయటే చెప్పులు విడిచి జోగయ్య పెరట్లోకి నడిచాడు. కింద కూర్చుని జేబులోంచి కాగితం తీసి చదవడం కనిపించింది. జోగయ్య పొగాకు నలుపుకుంటూ విన్నాడు. చివర్న ఒక్క మాట అన్నాడు. కాకా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ చిక్కుడు కూర తిన్నారు.

దారిలో "ఏం చదివావు కాకా?" అని అడిగితే "పాత కాపీ" అన్నాడు. అంతకుమించి కోంటా వచ్చేదాకా మాట్లాడలేదు. పాత కాపీని కూడా తీసుకెళ్లి చదివే మనిషి అని నేను మురిసిపోయాను. జగదల్‌పూర్‌లో కొత్తగా చేరిన ప్రతి విలేకరికీ ఈ కథ చెప్పాను. ఎంతమందికి చెప్పానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పదకొండో రోజు కోంటాలో జనం బాగా వచ్చారు. సేటు కూడా వచ్చాడు. అందరికన్నా పెద్ద దండ తెచ్చి "మా మనిషి, మా మనిషి" అంటూ ఫోటోకి వేశాడు. కాకా ముఖం సగం దండలో మునిగిపోయింది. నేను దండ కొంచెం కిందికి లాగి వచ్చాను.

భోజనాల వేళ జోగయ్య వచ్చాడు. దొర్లవాళ్లు చావుకి వచ్చేటప్పుడు పోయినవాళ్ల మీద కప్పడానికి కొత్త గుడ్డ తెస్తారు. ఈయనకి కబురు ఆలస్యంగా అందింది. కప్పడానికి మనిషి లేడు. తెచ్చిన తెల్లగుడ్డ కాకా పడుకునే నులక మంచం మీద పరిచి, అంచులు సరిచేసి, నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నువ్వేనా బచేలీ పిల్లవి?"

"నేనే మామా."

"కాయితం తెచ్చినవా?"

"ఏ కాయితం?"

"ఏడాదికోపాలి చదివేది. ఈయేడు చిక్కుడు కొత్తకు ఆయన రాడు గదా. నువ్వొచ్చి చదువుతవనుకున్న."

"నా దగ్గరేం లేదు మామా. ఏం చదివేవాడు?"

జోగయ్య చిన్నమ్మ వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. "నన్ను పట్టిచ్చిన సంగతి" అన్నాడు.

"డెస్కు వాళ్లు పట్టించిన సంగతా?"

"డెస్కు ఎవరు? నన్ను పట్టిచ్చింది కాకానే."

బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా అన్నాడు. నాకు అర్థం కాలేదనుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాడు. అప్పట్లో పై నుంచి ఒక దర్యాప్తు బృందం వచ్చింది. అందులో పెద్ద ఆఫీసరు స్టూడియోకి వచ్చి కాకాతో మాట్లాడాడు. దారంతా మాకు తెలుసు, మొదలు ఒక్కటి దొరకడం లేదన్నాడు. ఒక్క పేరు ఇవ్వు, అతన్ని ముట్టుకోం, వెనకే ఉండి సేటుని, సేటు వెనకవాళ్లని, అవతలి దేశం వాళ్లని కూడా పట్టుకుంటామన్నాడు. కాకా నమ్మాడు. ఏళ్ల తరబడి తను ఒక్కడే తవ్వుతున్న గొయ్యిలోకి ఇంకొకరు పలుగు పట్టుకుని దిగుతామంటే సంబరపడి ఉంటాడు. జోగయ్య పేరు, ఊరు, ఏ సంతకి వస్తాడో చెప్పాడు. వాళ్లు మొదటి సంతకే జోగయ్యని పట్టుకున్నారు, ఫోటో తీయించుకున్నారు, వెళ్లిపోయారు. ఇంకెవరి వెనకా పోలేదు.

"నీకెలా తెలుసు మామా?"

"ఆయనే వచ్చి చెప్పిండు. జైలుకు ములాఖత్‌కొచ్చి, జాలీ అవతల నిలబడి, రాసుకొచ్చింది చదివిండు. నేను చేసిన పని ఇది, పేపర్ల వేస్త అన్నడు. ఉంచాలా తియ్యాలా అని అడిగిండు."

"నువ్వేమన్నావు?"

"తియ్యి అన్న."

"ఎందుకు?" అన్నాను. అడగకూడదు. నోరు ఆగలేదు.

"రాస్తే ఏమైతది? ఒక్కరోజు సిగ్గైతది. తెల్లారి ఆ పేపర్ల బజ్జీలు కడ్తరు. ఆయన పానం తేలికైతది. నాకు తేలిక గాలేదు గదా. ఆయనకెందుకు గావాలె? మొయ్యనీ అనుకున్న. బయటికొచ్చినంక గూడ ప్రతి ఏడాది వచ్చి చదివిండు. ప్రతి ఏడాది తియ్యి అన్న. తిని పోయిండు."

నాకు ఆ క్షణంలో జోగయ్య మీద జాలి కలగలేదు. కాకా మీద కోపం కూడా వెంటనే రాలేదు. నా కాళ్ల కింద నేల కదిలిందంటే అది పుస్తకాల మాటలా ఉంటుంది. నేను చేసిన పని మాత్రం చెబుతాను. లేచి వెళ్లి, తెచ్చిన బన్నుల పొట్లం ఇంకా అలమార మీదే ఉంటే, అది తీసుకెళ్లి పెరట్లో పారేశాను. ఇంట్లో సామాను పారేస్తున్నాననుకుందో ఏమో, చిన్నమ్మ వెనకే వచ్చింది.

"నీకు తెలుసా చిన్నమ్మా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వొచ్చిన్నాడే ఆయన కడుపునిండ తినేటోడమ్మా. నీకు తెలిస్తే రావని భయం. నేను చెప్పమన్న. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అన్నడు." కొంగుతో మొహం తుడుచుకుని, "నన్ను గూడ తిట్టు, పర్లేదు" అంది.

నేను తిట్టలేదు. ఆమె భర్త పోయి పదకొండు రోజులు. ఎవర్ని తిట్టను?

జగదల్‌పూర్ తిరిగొచ్చాక డెస్కు ఆయన ఇంటికి వెళ్లాను. కాకా ఎవరి పేరు చెప్పాడో ఆయన. హిందీ మనిషి. ఆ నింద తర్వాత ఆయన్ని ప్రకటనల విభాగంలోకి మార్చారు, అక్కడే రిటైరయ్యాడు. ఒకే ఊళ్లో ఉంటూ, ఒకే గేటులోంచి వెళుతూ, నేను ఆయనకి ఏనాడూ నమస్తే చెప్పలేదు. జోగయ్యని అమ్ముకున్న మనిషికి నమస్తే ఏమిటని. గుమ్మంలో నిలబడి నాకు తెలిసింది చెప్పాను. ఆయన మొక్కలకి నీళ్లు పోస్తూ విన్నాడు. "అబ్ క్యా ఫాయిదా, బేటీ" అన్నాడు. ఇప్పుడేం లాభమని. తను చెయ్యలేదని అప్పుడు అందరికీ చెప్పాననీ, అందరూ కాకాని అడిగారనీ, కాకా మాత్రం ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయేవాడనీ చెప్పాడు. బకెట్టు ఖాళీ అయ్యాక లోపలికి వెళ్లాడు. నన్ను రమ్మనలేదు.

నాకు మింగుడు పడనిది ఇదే. ఆఫీసరు మాట నమ్మి మోసపోవడం ఎవరికైనా జరుగుతుంది. దాన్ని నేను క్షమించగలను, క్షమించాను కూడా. కాని జోగయ్య తియ్యమన్నది పేపర్లోంచి. ఇంకో మనిషి నెత్తిన రుద్దమని జోగయ్య చెప్పలేదు. ఏడాదికొక్క రోజు ఒక్క మనిషి ముందు చెప్పులు విడిచి తల వంచుకుని, మిగతా రోజులన్నీ మా ముందు తల ఎత్తుకు తిరిగాడు. నాకు నియమం నేర్పాడు, ఆ నియమానికి అబద్ధపు పుట్టుక చెప్పాడు. ఆ తల్లి కోసం నేను నా కథనం వదులుకున్న రోజు, నువ్వు రిపోర్టర్‌వి అయినవ్ అన్నాడే, ఆ మాట ఏ హక్కుతో అన్నాడు? గ్లాసు నా ముందు పెట్టిన చేతిని గుర్తు తెచ్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఒళ్లు మండుతోంది, అయినా ఇంకా రాయాల్సింది ఉంది. జోగయ్య బెయిలు కోసం ఆయన కోర్టు మెట్ల మీద పడుకున్నాడు. స్టూడియోలో మంచి కెమెరా ఉండేది, తర్వాత కనిపించలేదు. ఎక్కడికి పోయిందో ఇప్పుడు అర్థమైంది. బెదిరింపులు వచ్చినా ఆ దారి మీద రాయడం మానలేదు. ఆ నియమాన్ని మళ్లీ ఒక్కసారి కూడా తప్పలేదు. అది పశ్చాత్తాపంతో పుట్టిందే అయినా, దానివల్ల బతికిన పేర్లు చాలా ఉన్నాయి. అవేవీ మీకు తెలియవు, తీసేశాం కనుక. సంతలో ఉప్పు పక్కన ఎలా కూర్చోవాలో నాకు ఇంకెవరూ నేర్పేవారు కాదు. ఆ మనిషీ ఈ మనిషీ ఒక్కడే. కలిపి చూడడం నాకింకా చేతకావడం లేదు.

ఇక్కడిదాకా రాసి, సంపాదకుడికి పంపకుండా బస్సెక్కాను. నియమం ఎలా పుట్టినా నియమమే. ఇప్పుడు గొల్లపల్లి వైపు రోడ్డు పడింది. భద్రతా దళాల క్యాంపు దగ్గర బ్యాగు విప్పి చూపించి, జీపు దిగి, చిక్కుడు కొత్త ముగిసిన మర్నాడు జోగయ్య ఇంటికి చేరాను. దడి దగ్గర చెప్పులు విడిచాను. అక్కడే విడవాలని నాకెవరూ చెప్పలేదు, కాళ్లు వాటంతట అవే ఆగాయి. కింద కూర్చుని మొదటినుంచి చదివాను. తెలుగు ఆయనకి బాగానే తెలుసు. అర్థం కాని చోట నాకు వచ్చిన కాస్త దొర్లిలో చెబితే, ఆయన భార్య చేటలో చిక్కుళ్లు ఏరుతూ నా మాటలు సరిచేసింది. 'అంతర్జాతీయ స్మగ్లర్' అన్నచోట ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. డెస్కు ఆయన సంగతి వచ్చినప్పుడు జోగయ్య చేతిలో పొగాకు నలపడం ఆపేశాడు. ఆ సంగతి ఆయనకీ ఇప్పుడే తెలిసింది.

చదవడం అయిపోయింది. ఆయన ఎదురుచూస్తున్నాడు.

"ఉంచాలా మామా, తియ్యాలా?"

"మా అమ్మ సంగతి ఒకటి రాసినవు. అది తియ్యి."

తీసేశాను. అందుకే ఈ వ్యాసంలో ఆమె లేదు. ఎందుకని ఈసారి అడగలేదు.

"మిగిలింది?"

జోగయ్య పొగాకు నోట్లో వేసుకుని, దడి బయట నా చెప్పులున్న వైపు చూశాడు.

"ఉంచు" అన్నాడు. "మోసేటోడు పోయిండు. ఇంక నువ్వు మొయ్యి. ఈ మాట గూడ రాసుకో."

బయల్దేరేటప్పుడు ఆయన భార్య చేటలో ఉన్న చిక్కుళ్లన్నీ పాతగుడ్డలో పోసి, మూట కట్టి నా చేతిలో పెట్టింది. సగం చిన్నమ్మకివ్వమంది. జీపులో చోటు లేదు. మూట ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున కోసిన కాయలేమో, గుడ్డలోంచి తడి దిగి కోంటా వచ్చేసరికి నా చున్నీ అంతా తడిసిపోయింది.